దేవుడికిచ్చిన వైరు

ఇబ్రహీంపట్నం దాటి సాగర్ రోడ్డు పట్టుకుని పోతుంటే పంక్చర్ దుకాణం పక్కన ఒక రేకుల షెడ్డు కనిపిస్తుంది. అది పరమేష్‌ది. కార్ల కరెంటు పని చేస్తాడు. పని ఎంత బాగా చేస్తాడో అంత బాగా తిడతాడు కూడా. వాళ్లది చెరువులో వలలేసి బతికిన ఇల్లు. చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమి దాకా ప్లాట్ల రాళ్లు పాతినప్పుడు నాయన శివయ్య ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆ అనని మాటలన్నీ కొడుకు నోట్లో చేరాయని తల్లి నర్సింహమ్మ బాధ.

"జర నోరు తగ్గించుకుంటే గిరాకీ పెరుగుతది బిడ్డా" అంటుందామె.

"తగ్గించుకున్నోళ్లు ఏం బాగుపడ్డరే అమ్మా?" అంటాడు పరమేష్.

ఆ రోజు పొద్దున్నే ప్లాట్ల వ్యాపారి జగదీశ్వర్ తన తెల్ల కారును షెడ్డుకు తెచ్చాడు. వెనక బంపర్ సొట్టపోయి ఉంది. డ్రైవర్ ఐలేష్ మొహం అంతకన్నా సొట్టపోయి ఉంది. మొన్న పొద్దుగూకే వేళ, ముసురులో, ఇంజన్ వేడెక్కి ఆ కారు రోడ్డు అంచున ఆగిపోయింది. వెనక నుంచి మోటార్ సైకిల్ మీద వస్తున్న పరశురాం దాన్ని గుద్దుకుని కాలు విరగ్గొట్టుకున్నాడు. కారుకు ఒక్క లైటూ లేదని అతనంటున్నాడు. ఆగిన బండికి వేసే హెచ్చరిక లైట్లు నాలుగూ వేశానని ఐలేష్ అంటున్నాడు. డ్రైవర్ మరిచిపోయాడని జగదీశ్వర్ ఊరంతా చెబుతున్నాడు. ఆ మాటే నిలబడితే ఐలేష్ నౌకరీ పోతుంది, కేసూ అతని మెడకే చుట్టుకుంటుంది.

"లైట్లు మంచిగనే ఉన్నయని నీ నోటితోని చెప్పు పరమేష్. దెబ్బ తగిలినోని అక్కను గూడ రమ్మన్న. ఆమె ఇంటే చాలు."

"ఏం చెప్పాల్నో నువ్వే చెప్తే ఇగ నేను చూసుడెందుకన్నా?"

పరమేష్ తాళం తిప్పి డాష్‌బోర్డు మీది ఎర్ర త్రికోణం బటన్ నొక్కాడు. టిక్కు టిక్కుమంటూ నాలుగు మూలలా లైట్లు కొట్టుకున్నాయి. బటన్ ఆపి కుడి ఇండికేటర్, ఎడమ ఇండికేటర్ వేసి చూశాడు. అవీ వెలిగాయి. నాలుగు లైట్లూ మళ్లీ వేశాడు. ఫ్యూజు బాగుంది.

"చూసినవా? ఫోన్ల మునిగి మరిచిపోయిండు బేకూఫ్‌గాడు" అని నవ్వాడు జగదీశ్వర్.

పరమేష్ కోపం ఐలేష్ మీదికి మళ్లింది. "నొక్కకపోతే నొక్కలేదని చెప్పురాదురా! ఒకని కాలిరిగింది. ఇంక అబద్ధమెందుకు?"

"నా బిడ్డ మీద ఒట్టన్నా. నొక్కిన. లైట్లు కొట్టుకునుడు చూసినంకనే బానెట్ లేపిన."

సరే, వెనక బల్బుల దగ్గర వైర్లు వదులుగా ఉన్నాయేమో చూద్దామని పరమేష్ డిక్కీ తెరవడానికి తాళం లాగాడు. టిక్కు టిక్కు ఆగిపోయింది. నాలుగు లైట్లూ ఆరిపోయాయి.

అతను తాళం చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఈ లైట్లకు బ్యాటరీ నుంచి నేరుగా వైరు ఉంటుంది. బండి చచ్చినా, తాళం తీసినా ఇవి వెలగాలి. దారిలో ఆగిపోయినవాడి కోసమే కదా ఇవి పుట్టింది!

"ఐలేష్, బానెట్ లేపినప్పుడు తాళం యాడున్నది?"

"జేబుల. దిగితే తాళం జేబులనే ఉండాలె అని సారే చెప్పిండు గదా."

పరమేష్ స్టీరింగ్ కింద తల దూర్చి, టెస్టింగ్ బల్బుతో ఒక్కో వైరూ తడుముకుంటూ పోయాడు. బ్యాటరీ వైరు మధ్యలో తెగ్గోసి ఉంది. బ్యాటరీ వైపు ముక్క డాష్‌బోర్డు మీది దేవుడి బొమ్మకు పోయింది. తాళం తీసినా ఆ బొమ్మ వెనక నీలం లైటు వెలుగుతూనే ఉంది. లైట్లకు పోయే మిగిలిన ముక్కను తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరుకు కలిపి, పైన నల్ల టేపు చుట్టారు.

"గీ పని ఎవడు చేసిండు?"

"డెకరేషన్ షాపోడు" అన్నాడు జగదీశ్వర్. "దేవుని లైటు రాత్రింబగళ్లు ఆరొద్దన్న నేను. రెండూ కలిపితే ఫ్యూజు కొట్టేస్తుందన్నడు. గట్లయితే దేవునికే ఇయ్యి అన్న. తప్పేమున్నది?"

"నువ్వు దేవునికిచ్చింది రోడ్డు మీదోని పానం అన్నా! ఇచ్చింది నువ్వు, దొంగను చేసింది వీన్ని!"

జగదీశ్వర్ గొంతు తగ్గించాడు. "లొల్లి చెయ్యకు. వైరు కలిపి ఊకో. ఐలేష్ మరిచిపోయిన అంటడు. వాని నౌకరీ నేను తియ్య. ఏంరా?"

ఐలేష్ నేల చూపులు చూశాడు. "కలుపన్నా. నేను గట్లనే చెప్త."

పరమేష్‌కు ఒళ్లు మండిపోయింది. అబద్ధమాడిన జగదీశ్వర్ కన్నా, ఆ అబద్ధాన్ని నెత్తిన పెట్టుకుంటున్న ఐలేష్ మీదే ఎక్కువ మండింది. "నీకు కోపమనేది రాదారా? నొక్కిన చెయ్యి నీది. దాన్ని గూడ అమ్ముకుంటవా?"

"ఇల్లు నడవాలె గదన్నా" అన్నాడు ఐలేష్.

అంతలో పరశురాం అక్క సునంద స్కూటీ దిగింది. దవాఖాన నుంచి నేరుగా వచ్చినట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. జగదీశ్వర్ గబగబా తాళం పెట్టి తిప్పాడు. బటన్ నొక్కే ఉంది, నాలుగు లైట్లూ మళ్లీ కొట్టుకున్నాయి.

"చూడు చెల్లే, లైట్లు సాఫ్ ఉన్నయ్. వీడే మరిచిపోయిండు. ఒప్పుకున్నడు గూడ."

సునంద ఐలేష్ ముందుకు పోయి నిలబడింది. "ఒక్క బటన్ నొక్కనీకి చేతుల్లేవారా? మా తమ్ముడు నడుస్తడో లేదో డాక్టరే చెప్తలేడు. వానికేం జవాబు చెప్పాలె నేను?"

పరమేష్ నోరు తెరిచాడు. కానీ అప్పటికే ఐలేష్ కదిలాడు. కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం లాగేశాడు.

లైట్లు ఆరిపోయాయి.

"నొక్కిన అక్కా. నొక్కి, తాళం తీసి, ముంగటికి పోయిన. ఇంజన్ పొగల చూస్కోలే, ఆరిపోయినయని నాకు తెల్వదు. మీ తమ్ముడు గూడ అబద్ధం చెప్పలే."

సునంద ఆరిన లైట్లను చూసింది, ఆరని నీలం లైటును చూసింది, తర్వాత పరమేష్ వైపు తిరిగింది. అతను తెగిన వైరు బయటికి లాగి, ఎటు పోవాల్సింది ఎటు పోయిందో చూపించాడు. ఆమె ఫోన్ తీసి ఆ వైరును ఫొటో తీసుకుంది.

"తాళం ఇటియ్యి. రేపటి సంది రాకు" అన్నాడు జగదీశ్వర్.

ఐలేష్ తాళం బానెట్ మీద పెట్టాడు.

"నువ్వేం చూస్తున్నవ్? వైరు కలుపు" అని జగదీశ్వర్ పరమేష్ మీద పడ్డాడు. "దేవుని లైటు మాత్రం ఆరొద్దు."

"ఆరుతది" అన్నాడు పరమేష్, వైరు కత్తిరిస్తూ. "దేవునికి చీకట్ల గూడ కనవడ్తదన్నా. మోటార్ సైకిలోనికి కనవడదు."

సునంద స్కూటీ తిప్పి ఐలేష్‌ను పిలిచింది. "ఎక్కు. గీ మాట దవాఖానల మా తమ్మునికి నువ్వే చెప్పు. ఆనాటి సంది నిన్నే తిడుతున్నడు."

"కొడ్తడా అక్కా?"

"కాలు కట్టులున్నది, ఎట్ల కొడ్తడు? తిడితే పడు. పడి, చెప్పు."

ఐలేష్ వెనక ఎక్కి కూర్చున్నాడు.