సొంత కుర్చీలో కూర్చోని బాబాయి

ఆ పార్శిల్ ఆఫీసులో లెక్కలు చూసే బాబాయికి ఉన్నది ఒకటే జబ్బు: తన కుర్చీలో తను కూర్చోడు. మిగతా విషయాల్లో మనిషి బంగారం. కుర్చీ దగ్గరికొచ్చేసరికి మాత్రం ప్రాణం తోడేసేవాడు.

ఆఫీసంటే కిటికీ లేని నేలమాళిగ. గోడలకు చెమ్మ, పట్టపగలే లైట్లు. ఆ దిగులు కొంపలో ఎవరి సీటు వాళ్లకు దక్కిన ఒకే ఒక్క జాగా. "కాస్త లే అమ్మా" అంటూ బాబాయి వస్తే అదీ పోయేది. బిల్లులు రాసే అమ్మాయికి ఆయనంటే ఒళ్లు మంట. నీళ్లు తాగి వచ్చేలోపు ఆమె కంప్యూటరు ముందు తిష్ఠ వేసేవాడు. ఆయనది పాడైందా అంటే, నిక్షేపంగా ఉంది. అక్కడ కూర్చుంటే నడుం పట్టేస్తుందట. ఇక్కడ మెడ పట్టేస్తుందట, అందుకని కాసేపటికి పక్క సీటుకు. ఒకసారి మేనేజరు భోజనం చేసి వచ్చేసరికి ఆ కుర్చీలోనూ బాబాయే, కళ్లజోడు పెట్టుకుని కూడికలు చేస్తూ.

ఆ చలికాలం గోదాములో పైకప్పు పెచ్చు ఊడిపడి, మూటలెత్తే మనిషి భుజం విరిగింది. కాలు జారి పడ్డాడని కంపెనీ రాసుకుంది. అమ్మాయి చూస్తూ ఊరుకోలేకపోయింది. ఒక మధ్యాహ్నం పేరు పెట్టకుండా భద్రతాధికారులకు ఫిర్యాదు పంపేసింది. వారం తిరక్కుండా తనిఖీ వచ్చింది, ఆ వెనకే మేనేజరు నుంచి పిలుపొచ్చింది.

"మన ఆఫీసు నెట్ రికార్డు చూశాం. పోయిన వారం మధ్యాహ్నం ఫిర్యాదు వెళ్లిన ఐపీ అడ్రసు నీ కంప్యూటరుది. ఇక దాపరికం దేనికి? రాజీనామా రాసిచ్చి వెళ్లు."

ఆమె ఇంట్లో తల్లి మంచాన పడి ఉంది, సంపాదించేది తనొక్కతే. అయినా ఒప్పేసుకుందామని నోరు తెరవబోతుండగా, సంతకం కోసం వచ్చి నిలబడ్డ బాబాయి దగ్గాడు.

"ఆ పూట ఆ సీట్లో నేనూ కూర్చున్నాను సార్."

"అయితే మీరే రాశారా?"

"ఆ అడ్రసు కంప్యూటరుది సార్, మనిషిది కాదు. ఆ పూట నేను ఎన్ని సీట్లు మారానో, నావల్ల ఎవరెవరు ఎక్కడ సర్దుకున్నారో నాకే తెలీదు. మీ కంప్యూటరు నుంచి వెళ్లుంటే మీరు రాసినట్టా?"

మేనేజరు ఒక్కొక్కరినీ పిలిచి అడిగాడు. అందరిదీ ఒకటే గోల: బాబాయి లేపేశాడు, దొరికిన చోట కూర్చున్నాం అని. రాసిన చెయ్యి ఎవరిదో తేలక మేనేజరు తల పట్టుకుని ఆ సంగతి వదిలేశాడు.

ఎందుకిలా సీట్లు మారుతుంటారని ఆ సాయంత్రం అమ్మాయి ఆయన్ని నిలదీసింది. బాబాయి చాలాసేపు నసిగి చెప్పాడు. వెనకటి ఆఫీసులో ఆయన భార్యది పక్క సీటే. ఆవిడ భోజనానికి వెళ్లినప్పుడు ఆవిడ కంప్యూటరు నుంచి ఎవరో ఏదో రాశారు. అడ్రసు చూసి ఆవిడను ఉద్యోగంలోంచి పంపేశారు. ఆ తర్వాత ఆవిడ మళ్లీ ఏ ఆఫీసు గడపా తొక్కలేదు. అప్పట్నుంచి ఆయన ఏ సీటూ ఒక్కరిదే కాకుండా చూస్తున్నాడు.

అమ్మాయికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి బాబాయి కంగారుగా సంచీ సర్దుకున్నాడు.

"రాసిందెవరో నేను అడగనమ్మా. కానీ వాళ్లు మళ్లీ ఎప్పుడైనా రాస్తే, మెట్ల దగ్గర లైటు వెలగట్లేదని కూడా ఒక ముక్క కలపమను."