కొయ్య చెంచాల మీద లక్క ముద్ర

తొంభైల చివర్లో ఆత్మకూరులో మా బావ కంప్యూటర్ సెంటర్ పెట్టాడు. ఉన్నది ఒకే కంప్యూటరు. దాని బరువుకు బల్ల కాళ్లు పాతాళం దాకా దిగాయని నా నమ్మకం. ఉదయగిరిలో కొయ్య చెంచాలు చెక్కే భాయ్ సరుకును బావ అందులోంచే ఈమెయిళ్లు పంపి సింగపూరుకు అమ్మేవాడు. ఆ రోజు పెద్ద ఆర్డరు ఖాయం కావాలి. భాయ్ ఏడాది కష్టమంతా ఇంట్లో పేర్చి, నమూనాకు నాలుగు చెంచాలు మూటగట్టుకొని వచ్చి కూర్చున్నాడు.

వాకిట్లో జీపు ఆగింది. అమ్మకం పన్ను అధికారి దిగాడు. వీధిలో కుక్కలు మొరగడం మానేశాయి.

"సరుకు యాడుందయ్యా?"

"ఉదయగిరిలో సార్."

"కొనేవాడు?"

"సింగపూర్లో ఉండాడు."

"మరి అమ్మకం యాడ జరిగినట్టు?"

బావ గర్వంగా కంప్యూటరు నెత్తిన తట్టాడు. "ఇందులోనే సార్!"

అధికారి దాని చుట్టూ ప్రదక్షిణం చేశాడు. ఏ చట్టం కింద పన్ను వెయ్యాలో ఆయనకూ తెలియదు. పైవాళ్లు తేల్చేదాకా అమ్మకం ఆగాలన్నాడు. గోడౌను తాళానికి వేసినట్టే కీబోర్డుకు గుడ్డ చుట్టి, లక్క కరిగించి ముద్ర వేశాడు.

"తెర మాత్రం ఆర్పబాక. సాక్ష్యం పోతుంది" అని చెప్పి వెళ్లిపోయాడు.

జీపు దుమ్ము అణగకముందే తెర మీద ఉత్తరం వెలిగింది. చెంచాలు సిద్ధమా, ఇప్పుడే చెప్పకపోతే వేరేచోట కొంటామని సింగపూరు వాళ్లు రాశారు.

"ఏందంట?" అన్నాడు భాయ్.

"చెంచాలు ఉండాయా అని అడగతా ఉండారు భాయ్." బావ వేళ్లు ముద్ర దాకా పోయి ఆగాయి. లక్క ఇంకా వేడిగానే ఉంది.

భాయ్ మూట విప్పి ఒక చెంచా తీశాడు. తెరకు కనబడేలా దాన్ని పైకెత్తి పట్టుకున్నాడు. ఎంతసేపటికీ దించలేదు.