వాయిదా తాత కిటికీ

వాయిదా తాతకు ఒకటే జబ్బు. ఎవరు ఏది అడిగినా ముందు లేదంటాడు, తరవాత రేపు రమ్మంటాడు. మునిసిపల్ ఆఫీసు కిటికీ వెనక కూర్చుని ఊరందరినీ తిప్పి పంపడమే ఆయన చేసిన ఉద్యోగం. రిటైరయ్యాక ఆయన్ని ఆ కిటికీ దగ్గర్నుంచి లేపగలిగారు గానీ, కిటికీని ఆయన ఒంట్లోంచి పీకలేకపోయారు.

ఆ ఖర్మ అంతా కోడలి నెత్తిన పడింది. "మామయ్యగారూ, పాలు పొంగుతున్నాయి, కాస్త స్టవ్ కట్టెయ్యండి" అంటే, పేపర్లోంచి తలెత్తకుండా "అది మా సెక్షన్ కాదు" అనేవాడు. కొడుకు కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతుకుతుంటే "సంబంధిత గుమాస్తా భోజనానికి వెళ్ళాడు, రేపు రా" అన్నాడు. కళ్ళజోడు మీద కూర్చున్నది ఆయనే.

ఇలాంటి మనిషిని జీతమిచ్చి మేపిన ఆఫీసు ఎలాంటిదో కోడలికి తెలియంది కాదు. మంచినీళ్ళ ఫిర్యాదులు తీసుకునే గదిలో తాగడానికి చుక్క నీరుండదు. 'విచారణ' అని రాసిన బల్ల వెనక మనిషుండడు. ఎక్కడికి పోయాడని విచారించాలంటే మళ్ళీ ఆ బల్ల దగ్గరికే వెళ్ళాలి.

ఆ ఆఫీసువాళ్ళ కన్ను ఒకరోజు వీధి మూల మీద పడింది. అక్కడ ఒకావిడ ఇస్త్రీ బండి పెట్టుకుని బతుకుతోంది. ఆ మూలకు కంచె వేసి అధికారుల కార్లు పెట్టుకుంటారట. అభ్యంతరాలుంటే వార్డు సభలో చెప్పుకోవచ్చని, ఎవరికీ కనబడకూడదన్నంత చిన్న అక్షరాల్లో స్తంభానికి కాగితం అంటించారు. మూల పోతే ఇస్త్రీ ఆవిడ పొయ్యిలో పిల్లి లేవదు. కానీ అధికారి ఎదురుగా నిలబడితే ఆవిడకు నోరు పెగలదు.

అందుకని ఆఫీసు గుట్టు తెలిసిన మనిషి కదా అని వాయిదా తాత దగ్గరికి వచ్చింది. ఆయన లోపలికి రమ్మనలేదు. వీధివైపు కిటికీ రెక్క సగం తెరిచాడు.

"ఏం కావాలి?"

"నా బండి మూల, బాబుగారూ..."

"మూల నీదా? కొన్నావా?"

"లేదండీ, ఎప్పట్నించో..."

"ఎప్పట్నించో ఉంటే కాకి కూడా సొంతదారే. రేపు రా." రెక్క ధడాల్న మూసేశాడు.

వంటింట్లోంచి కోడలు ఉరికొచ్చింది. "ఆవిడ ఏడుస్తూ వెళ్తోంది మామయ్యగారూ."

"ఏడ్చేవాళ్ళకి పక్క కిటికీ."

కోడలికి ఒళ్ళు మండిపోయింది. మర్నాడు ఇస్త్రీ ఆవిడ మళ్ళీ వచ్చింది, మళ్ళీ తిట్లు తింది. ఆ పై రోజూ వచ్చింది. వీళ్ళిద్దరిలో ఎవరికి సిగ్గు తక్కువో కోడలికి తేలలేదు.

వార్డు సభ రోజున తాత ఆఫీసు చొక్కా తొడుక్కుని బయల్దేరాడు. అధికారుల పక్కన చేరి ఆవిడ పొట్ట కొడతాడని కోడలికి అనుమానమొచ్చి వెనకే వెళ్ళింది. ఆయన మాత్రం ఆఖరి వరసలో స్తంభం చాటున నక్కి కూర్చున్నాడు.

ఇస్త్రీ ఆవిడ లేచి నిలబడింది. అధికారి ఆవలిస్తూ అడిగాడు. "మూల నీదా? కొన్నావా?"

కోడలు తాతవైపు చూసింది. అధికారి కంటే ముందే ఆయన పెదవులు అవే మాటలు అనేస్తున్నాయి.

"కొనలేదు సార్. వీధి మీరూ కొనలేదు. కార్లు అక్కడే పెట్టాలని ఎవరు నిర్ణయించారు?"

"సరే, చూద్దాం."

"ఎవరు చూస్తారు సార్, ఎప్పటిలోగా?"

"రేపు ఆఫీసుకి రామ్మా."

"రేపు వద్దు సార్. మీ ఆఫీసు వెనక పెరడు ఖాళీగా ఉంది, కార్లకి అది చాలదా? ఇక్కడ అందరి ముందూ చెప్పండి."

హాలంతా అధికారివైపు తిరిగింది. ఆయన గొంతు సవరించుకుని, పెరడు చాలునని ఒప్పుకుని, కంచె మాట రద్దని రాయించాడు. తాత ఆ చొక్కా చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు.

బయట కోడలు ఇస్త్రీ ఆవిడను పట్టుకుని నిలదీసింది. "ఇదంతా ఎక్కడ నేర్చావు?"

"మీ కిటికీ దగ్గరేనమ్మా. రెక్క వేసేశాక సందులోంచి చెప్పేవారు, ఎక్కడ తడబడ్డానో, ఏమని అడగాలో. మీతో చెప్పొద్దన్నారు. పరువు పోతుందట."

ఇంతలో తాత వచ్చాడు. "బాగా కసిరాడా?"

"మీ కాలిగోటికి చాలడు బాబుగారూ."

తాత మొహం ముడుచుకుపోయింది. "ఆఫీసు పాడైపోయింది. కసరడం కూడా రానివాళ్ళని చేర్చుకుంటున్నారు."

మర్నాడు కోడలు వీధిలోకి వెళ్ళి కిటికీ తట్టింది. రెక్క సగం తెరుచుకుంది.

"ఏం కావాలి?"

"వీధి దీపం వెలగట్లేదు, ఎవర్ని అడగాలి?"

"నువ్వెవరు?"

"మీ కోడల్ని."

"రుజువేది?"

"రేపు పొద్దున మీకు టీ రాకపోతే, అదే రుజువు."

తాత ఎన్నడూ లేనిది, రెండు రెక్కలూ బార్లా తెరిచాడు. "భేష్. కసిరేవాళ్ళకి అలాగే చెప్పాలి. లోపలికి రామ్మా."