రఘుపతి చుట్ల లెక్క

హాలియాలో ఫొటోలు తీసే రఘుపతికి పొగరని పేరు. పనిలో ఉన్నప్పుడు పలకరిస్తే పలకడు. నిజానికి అది పొగరు కాదు, డబ్బా కెమెరా తెచ్చిన తంటా. తండ్రి కాలం నాటి ఆ కెమెరాకు సరిపడే ఫిల్ము ఇప్పుడు దొరకదు. కొత్త ఫిల్ము చుట్ట పొట్టిది. రెండు కొసలకూ కర్రబిళ్లలు తొడిగి ఇరికిస్తాడు. దాంతో వెనక ఎర్ర కిటికీలో కనిపించే నంబర్లు పనికిరావు. ప్రతి ఫొటోకూ ఫిల్మును జరిపే పిడిని ఎన్ని చుట్లు తిప్పాలో నోట్లో లెక్కపెట్టుకోవాల్సిందే.

సాగర్ డ్యాం నీళ్లలో మునగబోయే ఊళ్లో ఇళ్ల ఫొటోలు తీయడానికి వెళ్లినప్పుడూ అంతే. ముందు అండాలు అనే ముసలామెను ఆమె గడపలో నిలబెట్టి తీశాడు. తర్వాత పక్కింటి భద్రమ్మ ఫొటో కోసం పిడి తిప్పుతుంటే భద్రమ్మ అడిగింది: "కొడుకా, గీ ఇల్లు మల్ల కండ్లవడ్తదా?"

ఆ మాటకు పలకకుండా ఉండలేకపోయాడు. "వడది పెద్దమ్మా" అన్నాడు. లెక్క తప్పింది, ఫిల్ము సగమే జరిగింది.

ఫొటో పట్టుకుని భద్రమ్మకు జాగా ఇచ్చిన కొత్త కాలనీకి వెళ్లేసరికి ఊరు నీళ్లలో ఉంది. ఫొటోలో భద్రమ్మ ఇంటి మీదికి అండాలు, ఆమె గడప సగం ఎక్కి ఉన్నాయి.

"తప్పయింది పెద్దమ్మా. అండాలు దిక్కు కత్తిరించి ఇస్త" అని కత్తెర తీశాడు.

భద్రమ్మ ఫొటో గుంజుకుంది. అండాలుకు ఇరవై మైళ్ల అవతల వేరే కాలనీలో జాగా ఇచ్చారు.

"నలభై ఏండ్లు గోడకు గోడ ఉన్నం. ఇగ నువ్వు గూడ ఇడదీస్తవా? గా కత్తెర లోపల వెట్టు. అండాలుకూ గిసొంటిదే ఒకటి పంపు."