అవ్వ పాట ఎక్కించిన చిప్పు

మా చిన్నప్పుడు... అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, చిట్యాల పక్కన మా ఊళ్లో అందరి ఫోన్లలో మెమరీ చిప్పులు, చిప్పుల నిండా పాటలు. మా ఇంట్లో మాత్రం ఇంకా టేప్‌రికార్డర్ ఉండేది. అదీ ఒకే ఒక్క క్యాసెట్ కోసం.

ఆ క్యాసెట్‌లో మా అవ్వ ఉండేది. మేం బాపు అని పిలిచే మా నాన్నకు అమ్మ. గొంగడి కోసం గొర్రెల బొచ్చు కత్తిరించే రోజున ఆమె పాడిన పాటను తాత రికార్డు చేసి ఉంచాడు. మధ్యలో గొర్రెల అరుపులు, "దాని కాలు గట్టిగ వట్టురా!" అని అవ్వ కసురుకోవడం కూడా వినబడేవి. అవ్వ పోయాక బాపు రోజూ మందను దొడ్లోకి తోలి, కాళ్లు కడుక్కొని, ఆ పాట వింటూ కూర్చునేవాడు.

నేను ఏడో తరగతిలో ఉండగా సైన్సు సారు ఒక ముచ్చట చెప్పాడు. చాలా ఏళ్ల కిందట రకరకాల దేశాల పాటలను బంగారు పూత రికార్డులో ఎక్కించి అంతరిక్షంలోకి పంపారట... ఎవరికైనా దొరికితే వినాలని, దాన్ని ఎలా తిప్పాలో బొమ్మలు గీసి మరీ పంపారట. "మన ఊరి నుంచి పంపాలంటే ఏ పాట పంపుతరు? సోమవారం ఒక్కొక్కరు ఒకటి పట్టుకరండి" అన్నాడు. బడిలో ఉన్న స్పీకరేమో చిప్పు పెడితేనే పాడేది.

ఇంకేముంది, బాపును సతాయించాను. ఆయనకు మనసొప్పలేదు. అయినా "పైలం రా, దానికేం గావద్దు" అంటూ క్యాసెట్‌ను తన తమ్ముడి చేతిలో పెట్టాడు. ఆ తమ్ముడే మా చిన్నాయిన... తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చిట్యాలలో మొబైల్ షాపుకు పోయి పాటను తన చిప్పులోకి ఎక్కించుకొచ్చాడు. అంతవరకు బాగానే ఉంది.

తెల్లారి చూస్తే మా జొన్నచేను చుట్టూ కట్టెలకు క్యాసెట్ రీలు! పిట్టలు బెదరాలని మా దిక్కు పాత రీళ్లు అట్లా కట్టడం అలవాటే. ఎండకు మెరుస్తాయి, గాలికి జుమ్మని మోగుతాయి. కానీ అవ్వ రీలా?

"పాట చిప్పులకు వచ్చింది గదనే అన్నా... గా రీలు దాసుకొని ఏం జేస్తవ్?" అన్నాడు చిన్నాయిన. పెద్ద తెలివైన పని చేసినట్టు నవ్వాడు కూడా. బాపు ఖాళీ అయిన క్యాసెట్‌ను జేబులో వేసుకొని మంద వెంట పోయాడు.

సోమవారం బడిలో పాట పెట్టాను. అవ్వ కసురుకోగానే పిల్లలందరూ ఒకటే నవ్వు. "పంపితే గిదే పంపాలె" అన్నాడు సారు. ఎగురుకుంటూ ఇంటికొచ్చి చిప్పు చిన్నాయినకు ఇచ్చేశాను. నా తెలివి అంత.

వారం తిరక్కుండా అతని దోస్తు పెళ్లి. బరాత్‌కు డీజే పాటలు కావాలి. చిప్పులో జాగా చాలలేదట... అవ్వను తీసేశాడు. కన్నతల్లిని!

"ఏమైతది? మల్ల ఎక్కిచ్చుకుందాం తియ్" అన్నాడు.

"యాడికెళ్లి ఎక్కిస్తవురా?" అని అరిచాడు బాపు. ఆయన గొంతు పెంచగా నేను విన్నది ఆ ఒక్కసారే.

తర్వాత చేనుకు పోయి, కట్టె కట్టెకూ తిరిగి రీలు విప్పాడు. సగాన్ని మేకలు నమిలేశాయి, మిగిలింది ఎండకు పెళుసెక్కింది. ముక్కలు అంటించి, పెన్ను పెట్టి తిప్పుతూ ఖాళీ క్యాసెట్‌లోకి చుట్టాం. టేప్‌రికార్డర్‌లో పెడితే గర్రుమంది... ఆ కాస్తా చిక్కుపడి తెగిపోయింది.

ఇప్పుడు ఏ దేశం పాట కావాలన్నా నా ఫోన్లో క్షణంలో వస్తుంది. బాపుకు మాత్రం అవ్వ పాటలో మొదటి రెండు వరుసలే గుర్తున్నాయి. అవి పాడి ఆగిపోతాడు.

మొన్న అవ్వ పోయిన తేదీ వచ్చింది. పొద్దున్నే చిన్నాయిన మెసేజ్ పెట్టాడు. "బిడ్డా, అవ్వ పాట నీ దగ్గర ఉంటె జర పంపు. స్టేటస్ పెట్టుకుంట."

తీసేసింది తానేనన్న సంగతి కూడా అతనికి గుర్తు లేదు!

నేనింకా జవాబివ్వలేదు. మీ ఇళ్లలోనూ ఇలా పోయిన గొంతులుంటే కింద రాయండి, అన్నీ చదువుతాను... "పోనీలే, పెద్దవాడు, క్షమించు" అని మాత్రం ఎవరూ రాయకండి.