వీపు మీద స్టీరింగు

పిచ్చుక వాళ్ళ బాబాయ్ బంగారంలాంటి మనిషి. ఒక్కటే లోపం. కారు ఎక్కడ ఆపినా సరే, చుట్టుపక్కల దొంగలందరూ పన్లు మానుకుని దానికోసమే కాచుక్కూర్చున్నారని ఆయన గట్టి నమ్మకం.

ఆ కారుని మీరొకసారి చూడాలి. చూస్తే దొంగల మీద జాలేస్తుంది. అసలు రంగేంటో ఎవరికీ గుర్తులేదు. ఎడమ తలుపు బయట్నుంచి తంతే తెరుచుకుంటుంది, లోపల్నుంచి బతిమాలితే తెరుచుకుంటుంది. వైపర్ వేస్తే లైట్లు ఆరిపోతాయి, కాబట్టి వానలో దారి కనపడాలంటే ఏదో ఒకవైపు తేల్చుకోవాలి.

"ఎదురు డబ్బులిచ్చినా దీన్నెవడూ తీసుకెళ్ళడయ్యా బాబూ," అనేవాడు విజిల్ మావయ్య.

"అందరూ మీలాగే ఉంటారా బావగారూ? దొంగలకి కాస్త టేస్టుంటుంది," అనేవాడు బాబాయ్.

అదంతా ఉద్యోగం చేసిన పని. బాబాయ్ బ్యాంకులో లాకర్ల గది చూసుకుంటాడు. పొద్దస్తమానం తాళం వేయడం, లాగి చూడడం, వేయడం, లాగి చూడడం. ఇంటికొచ్చినా చెయ్యి ఊరుకోదు. ఫ్రిజ్ తలుపేసి ఓసారి లాగుతాడు. బీరువా వేసి లాగుతాడు. "నేను నోరు మూసుకుంటే అది కూడా లాగి చూస్తారేమోనని భయపడి మూయట్లేదు," అంటుంది పిన్ని.

ఇంటి ముందు ఆపితేనే ఇంత గోల. మరి ఆ ఇంట్లోవాళ్ళకేమో కొండలెక్కే పిచ్చి! సెలవులొస్తే చాలు, మట్టిరోడ్డు ఎక్కడ అయిపోతే అక్కడ కారు వదిలేసి, సంచులు తగిలించుకుని పైకెళ్ళి, గుడారాలేసుకుని పడుకుని మర్నాడు దిగుతారు. అంటే కారు అడవిలో, ఒంటరిగా, పగలూ రాత్రీ. ఆ మాట తల్చుకుంటేనే బాబాయ్‌కి చెమట్లు.

అందుకే అక్కడికెళ్ళాక అసలు తతంగం మొదలయ్యేది. కారు మూతి చెట్టుకి ఆనించి ఆపుతాడు. ఎత్తుకుపోయేవాడికి రివర్స్ చేసుకోలేక విసుగు రావాలట. క్లచ్ పెడల్‌కి గొలుసు. చక్రాలకి రాళ్ళు. బ్యాటరీ వైరు పీకి జేబులో. సీట్ల మీద చిత్తుకాగితం కూడా ఉండకూడదు. డాష్‌బోర్డులో అర మాత్రం బార్లా తెరిచి పెడతాడు.

"అన్నీ మూసి అదెందుకండీ తెరిచారు?" అంది పిన్ని ఒకసారి.

"లోపలేం లేదని కనపడొద్దూ? తెలీక అద్దం పగలగొట్టి చెయ్యి కోసుకుంటాడే పాపం!"

"దొంగ చెయ్యి గురించి కూడా మీకే బెంగ!"

ఇంకోసారి ఇవి కూడా చాలవనిపించి అద్దానికి అట్టముక్క అంటించాడు: 'లోపల పాము ఉంది'. మర్నాడు కొండ దిగేసరికి కారు చుట్టూ జనం. కారు కింద రెండు కాళ్ళు. ఎవరో దారినపోయే పుణ్యాత్ముడు పాములు పట్టే అతన్ని పిలిపించాడు. అతను కర్రతో సహా బయటికి పాక్కుంటూ వచ్చి, "పొద్దున్నుంచీ చూస్తున్నా సార్, మీ పాము దొరకట్లేదు. ఏ జాతి?" అని అడిగాడు.

"దానికి కొంచెం బిడియం ఎక్కువండీ," అన్నాడు బాబాయ్.

ఇక అన్నిటికన్నా ఆఖరి అస్త్రం స్టీరింగు. స్పానర్ పెట్టి నట్టు విప్పి, ఉన్న స్టీరింగుని ఊడబెరికి, వీపు సంచికి తాడుతో కట్టుకుని మరీ కొండెక్కుతాడు. వెనకనుంచి చూస్తే, ఎవరైనా పట్టుకుంటే ఆయన్నే ఎడమకీ కుడికీ తిప్పొచ్చు అన్నట్టుంటాడు.

ఇంత చేసీ దారి మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోతాడు. కళ్ళు పెద్దవి చేస్తాడు.

"ఆగండాగండి! కారు లాక్ చేశానా?"

ఇక అందరూ ఆగాల్సిందే.

"చేశారు. నా కళ్ళతో నేను చూశా," అంటుంది పిన్ని.

"డిక్కీ?"

"అదీ చేశారు."

"లాగి చూశానా?"

"మీరు లాగిన లాగుడికి హ్యాండిల్ ఊడొచ్చింది కదండీ! అదిగో, మీ జేబులోనే ఉంది!"

ఆ హ్యాండిల్ బయటికి తీసి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నిట్టూర్చి, అప్పుడు కదులుతాడు. ఇంకాస్త ఎక్కాక మళ్ళీ మొదలు.

ఈసారి ప్రయాణం మాత్రం పిచ్చుకకి పంతమైపోయింది. కాలేజీ పిల్ల, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి మంచమెక్కి, ఇప్పుడిప్పుడే తిరుగుతోంది. ఇంట్లో అందరూ ఆమెని గాజుగ్లాసులా పట్టుకుంటున్నారు. నీళ్ళ బిందె ముట్టుకోనివ్వరు, మెట్లెక్కితే వెనకాలే ఒకరు. పిచ్చుకకి విసుగెత్తిపోయింది. కొండ మీద చెరువుంది. అక్కడిదాకా తన కాళ్ళతో తను వెళ్ళి రావాలి. వెళ్ళొచ్చిందా, ఇంకెవరూ తనని రోగిష్టిదానిలా చూడరు.

డాక్టరు సరేనన్నాడు, "మెల్లగా, ఆగి ఆగి" అని. అమ్మే ఒప్పుకోలేదు. చివరికి విజిల్ మావయ్య చేతిలో పెట్టింది: "అన్నయ్యగారూ, పిల్ల ఆయాసపడ్డట్టు కనపడితే మరో మాట లేకుండా వెనక్కి తెచ్చేయండి."

మావయ్యంటే బాబాయ్ వాళ్ళ అక్క మొగుడు. స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యాడు గానీ, మెడలో విజిల్ ఇంకా రిటైరవలేదు. మాటిచ్చాడంటే ఇచ్చాడే.

మొదటి మలుపు దాకా పిచ్చుక బాగానే నడిచింది. రెండో మలుపుకి గుండె దడదడ. నోరు తెరిస్తే కొలిమితిత్తి చప్పుడు బయటికొచ్చేలా ఉంది. మూసుకుని నడిచింది. ముందు నడుస్తున్న మావయ్య వెనక్కి తిరగబోయాడు.

"ఆగండాగండి! కారు లాక్ చేశానా?"

మావయ్య చూపు బాబాయ్ మీదికి పోయింది. పిచ్చుక రాయి మీద కూలబడి, మొహం అటు తిప్పుకుని ఊపిరి తీసుకుంది. డిక్కీ అయింది, హ్యాండిల్ అయింది, అందరూ కదిలారు.

కాసేపటికి మళ్ళీ. ఇంకాసేపటికి మళ్ళీ.

"ఇది కొండెక్కడమా, తాళాల కమిటీ మీటింగా?" మావయ్య విజిల్ ఊదినంత గట్టిగా అరిచాడు. "ఇంకొక్కసారి ఆ తాళం మాట ఎత్తావో, అందర్నీ కిందికి దింపేస్తా!"

పిచ్చుకకి ఏడుపొక్కటే తక్కువ. ఇంత దూరమొచ్చి, ఈయన తాళం పిచ్చి వల్ల వెనక్కి పోవాలా!

"బాబాయ్, నీకు దణ్ణం పెడతా, నోరు మూసుకో," అని గొణిగింది.

బాబాయ్ బుద్ధిగా తలూపాడు.

ఇక మిగిలింది ఆఖరి ఎక్కుడు, నిట్టనిలువుగా ఉంది. మావయ్యా పిన్నీ ముందెళ్ళిపోయారు. సగం కూడా ఎక్కకుండానే పిచ్చుక కాళ్ళు వణికాయి. ఇప్పుడు కూర్చుంటే పైనుంచి కనపడిపోతుంది. బాబాయ్ వెనక్కి చూసి, నోరు తెరిచి, మళ్ళీ మూసేసుకున్నాడు. రెండడుగులు దిగొచ్చి ఆమె ముందు వీపు పెట్టి నిలబడ్డాడు.

"పట్టుకో."

"ఏంటి?"

"స్టీరింగే. నువ్వు నడుపు, ఇంజను నేను."

పిచ్చుక రెండు చేతులా పట్టుకుంది. బాబాయ్ లాగుతుంటే కాళ్ళు వాటంతటవే లేచాయి. అలా పోతూ పోతూ, ముక్కుకి ఎదురుగా ఉన్న ఆ గుండ్రటి వస్తువుని చూస్తూ చూస్తూ ఉంటే, ఎందుకో ఒక అనుమానమొచ్చింది.

"బాబాయ్."

"ఊఁ."

"స్టీరింగ్ నీ వీపు మీదుంది. బ్యాటరీ వైరు జేబులో ఉంది."

"ఊఁ."

"మరి లాక్ చేసినా చేయకపోయినా కారెలా పోతుంది?"

బాబాయ్ వెనక్కి తిరగలేదు. "మెల్లిగా అనవే. మీ మావయ్యకి ఇన్నేళ్ళయినా తట్టలేదు."

పిచ్చుకకి వరసగా గుర్తొచ్చాయి. పోయినేడు అత్తయ్యకి మోకాళ్ళు పట్టేసినప్పుడు, "కారు లాక్ చేశానా?" అంతకుముందు పిన్నికి చెప్పు కరిచి కుంటుతున్నప్పుడు, "కారు లాక్ చేశానా?" ఆ రోజు పిన్నే అందరికన్నా ఎక్కువ తిట్టింది కూడా.

"డాక్టరు ఆగి ఆగి ఎక్కమన్నాడు కదా," అన్నాడు బాబాయ్ రొప్పుతూ. "ఎవరో ఒకళ్ళు ఆపాలిగా మరి. కుడికి తిప్పు, అక్కడ రాయుంది."

పిచ్చుక కుడికి తిప్పింది. ఇంజను కుడికి తిరిగింది.

పైన మావయ్య చెరువు ఒడ్డున నడుం మీద చేతులేసుకుని నిలబడున్నాడు. పిచ్చుకని ఎగాదిగా చూసి, "శభాష్! ఆయాసమే లేదే!" అన్నాడు. తర్వాత ఎగశ్వాసతో నేల మీద పడిపోయిన బాబాయ్‌ని చూసి, "నువ్వయ్యా మందులేసుకోవాల్సింది," అన్నాడు. పిచ్చుక చెరువులో కాళ్ళు పెట్టుకుని నవ్వీ నవ్వీ, ఆ నవ్వుకి మాత్రం ఆయాసపడింది.

మర్నాడు పొద్దున దిగుతున్నారు. దిగుడు మోకాళ్ళకి పరీక్షంటారు కదా, మావయ్య మోకాలికి గట్టి పరీక్షే పెట్టినట్టుంది. విజిల్ ఊదడం మానేశాడు. చెట్టు దొరికితే చెట్టు, పిన్ని భుజం దొరికితే పిన్ని భుజం. అడిగితే, "నాకేం, దృశ్యం చూస్తున్నా," అంటున్నాడు. అక్కడ దృశ్యమేం లేదు, ముళ్ళకంపలున్నాయి.

పిచ్చుక ఠక్కున ఆగిపోయింది. కళ్ళు పెద్దవి చేసింది.

"ఆగండాగండి! బాబాయ్, కారు లాక్ చేశావా?"

మావయ్య అప్పటికే ఒక రాయి మీద కూర్చుండిపోయాడు. "చూశారా, పిల్లకి కూడా అంటించాడు!" అని అరిచాడు గానీ, చెయ్యి మాత్రం మోకాలు రుద్దుకుంటోంది. "ఆలోచించుకోండి, తీరిగ్గా ఆలోచించుకోండి. డిక్కీ కూడా గుర్తుచేసుకోండి. నాకేం తొందర్లేదు."

పిచ్చుక బాబాయ్‌కి కన్నుకొట్టింది. బాబాయ్ నవ్వుతూ తాళంచెవి కోసం జేబులు తడుముకున్నాడు. కుడిజేబు తడిమాడు. ఎడమజేబు తడిమాడు. నవ్వు మెల్లగా ఆరిపోయింది. పిచ్చుక చెవి దగ్గరికొచ్చి, నిజంగానే పాలిపోయిన మొహంతో అడిగాడు:

"అవునే... చేశానంటావా?"