సముద్రం ఎన్ని మట్లు?

మద్రాసు నుంచి బయలుదేరే సర్వే ఓడలో తమ్ముడూ నేనూ నౌకరీకి కుదిరాం. మార్కాపురం పలకల గనిలో రాయి కొట్టే నాయనకు మా పనేమిటో ఎంత చెప్పినా తలకెక్కలేదు. సముద్రం అడుగున ఏముందో తెలుసుకుని దొరలు ఏం చేసుకుంటారని ఆయన సందేహం. నిజం చెప్పొద్దూ, నాకూ అదే సందేహం.

ఓడ అడుగు నుంచి యంత్రం టక్కుమని శబ్దం పంపేది. అది సముద్రపు నేలకు తగిలి తిరిగొచ్చేది. అందుకు పట్టిన సమయాన్ని బట్టి లోతు ఎంతో కాగితం మీద గీతగా పడేది. ఆ కాగితపు చుట్టలు మార్చడం నా పని. అండమాన్ల అవతల ఒక అగ్నిపర్వతపు దీవి చుట్టూ కొలతలు తీస్తుండగా, సాయంత్రం పెద్ద అల వచ్చి డెక్కు కడుగుతున్న తమ్ముణ్ణి లాక్కుపోయింది.

చీకటిపడేదాకా పడవలు దించి వెతికాం. తెల్లారి మళ్ళీ కొలతలు మొదలయ్యాయి. వాడు పడిన చోట గీత కాగితం కింది అంచు దాకా జారిపోయింది. యంత్రాన్ని పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. చుట్ట మార్చాను.

ఇంటికి తంతి వెళ్ళింది. నేను వెళ్ళేసరికి నాయన మా క్రైస్తవుల సమాధుల దొడ్డిలో గుంత తవ్వి, చుట్టూ పలకరాళ్ళు నిలబెట్టి ఉంచాడు. మా వైపు నీళ్ళలో పడటమంటే బావిలో పడటమే. తాడుకు కట్టిన కొక్కేల పాతాళగరిగె దించితే చెంబైనా మనిషైనా పైకి రావలసిందే. నేను దిగిన ఎద్దుబండిలోకి అమ్మ తొంగి చూసింది.

"వాడేడి రా?"

"దొరకలేదమ్మా."

"దొరక్కపోయేదేంది? నీళ్ళల్ల పడినోడు తేలడా? ఇంకో నాల్గు దినాలు ఆడనే ఉండకపోయినావా?"

నాయన ఒకటే అడిగాడు. "ఎన్ని మట్లుంటది?" మట్టంటే మనిషి నిలువు. బావులన్నీ ఆయన ఆ లెక్కనే చూసేవాడు.

"వందల మట్లు నాయనా."

"అంత లోతుకు తాడు యాడిది? ఎట్ల కొలిచినారు?"

శబ్దం అడుగుదాకా పోయి వస్తుందని చెప్పాను. అమ్మ చటుక్కున తలెత్తింది.

"శబ్దం పోయొచ్చిందా? మరి వాణ్ణి పిలిచినారా?"



తవ్విన గుంతను ఖాళీగా ఉంచకూడదన్నారు సంఘపెద్దలు. అమ్మ గట్టు మీద కూర్చుని, "పూడ్చొద్దు, వాడొస్తే ఏడ పండుకుంటాడు?" అని నాయన చేతిలోని పార పట్టుకుంది. నాయన ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడిపించి, మట్టి లోపలికి లాగసాగాడు. నేనూ ఇంకో పార అందుకున్నాను.